లైబ్నిట్జ్ జీవితం – చైనా రేఖాచిహ్నాలు – సంఖ్యాసంకేతం: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

జర్మనీ దేశపు తత్త్వవేత్త, గణితవేత్త గాట్‌ఫ్రీడ్ విల్హెల్మ్ లైబ్నిట్జ్ (1646–1716) పేరు సాధారణంగా రెండు సందర్భాలలో వినవస్తుంది. కలనగణితాన్ని మొదట ఆవిష్కరించినది న్యూటనా, లైబ్నిట్జా అన్న వివాదం ఒకటి. సున్న, ఒకటి అనే రెండంకెలతోనే సమస్త సంఖ్యలను వ్రాయవచ్చునని చూపి నేటి కంప్యూటర్ యుగానికి పునాది వేసినవాడన్న ప్రశంస రెండవది. ఈ ప్రశంసకు అనుబంధంగా ఒక కథ బహుళ ప్రచారంలో ఉంది. చైనీయుల ప్రాచీన గ్రంథమైన యీ జింగ్‌లోని రేఖాచిహ్నాలను చూసి ఆయన ఈ ద్విసంఖ్యామానాన్ని కనిపెట్టాడని ఆ కథ సారాంశం. ఇది సత్యం కాదు. జరిగింది దాదాపు దీనికి విపర్యయం. తాను అప్పటికే రూపొందించుకొన్న సంఖ్యాపద్ధతిని ఆయన ఆ చిహ్నాలలో దర్శించాడు.

ఆ దర్శనంలో నిలిచిన భాగం ఏది, నిలవని భాగం ఏది, అవే చిహ్నాలు నేడు కంప్యూటర్ పాఠంలో ఏ సంఖ్యలుగా స్థానం పొందాయి అన్న విషయాలను లైబ్నిట్జ్ జీవితక్రమంలో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. మన ఛందశ్శాస్త్రంలోని ప్రస్తారం కూడా ఈ విచారణలో సహజంగానే ప్రవేశిస్తుంది. అది మనకొక ఆనందాన్ని, దానితోపాటు ఒక హెచ్చరికను కూడా అందిస్తుంది.

విషయప్రవేశానికి ముందు పరిభాషను స్పష్టం చేసుకోవాలి. యీ జింగ్ అనగా పరివర్తన గ్రంథం. దీనినే ఐ చింగ్ అని కూడా వ్యవహరిస్తారు. ఇందులోని చిహ్నాలన్నీ రెండే రెండు గీతలతో నిర్మితమైనవి. విరుపు లేని గీత యాంగ్ తత్త్వానికి, నడుమ విరిగిన గీత యిన్ తత్త్వానికి గుర్తులు. మొదటిదానిని అఖండరేఖ అని, రెండవదానిని ఖండరేఖ అని ఈ వ్యాసంలో వ్యవహరిస్తున్నాను. ఈ గీతలను మూడేసి చొప్పున ఒకదానిపై ఒకటి పేరిస్తే ఎనిమిది త్రిరేఖలు, ఆరేసి చొప్పున పేరిస్తే అరువది నాలుగు షడ్రేఖలు ఏర్పడతాయి. చిహ్నాన్ని క్రింది గీత నుండి పైకి చదవడం చైనీయుల సంప్రదాయం.

బాల్యం – విద్యాభ్యాసం

లైబ్నిట్జ్ 1646 జూలై 1న లైప్‌జిగ్ నగరంలో జన్మించాడు. తండ్రి ఫ్రీడ్రిష్ లైబ్నిట్జ్ అక్కడి విశ్వవిద్యాలయంలో నీతిశాస్త్రాచార్యుడు. ఆయన 1652లో మరణించే నాటికి బాలునికి ఆరేండ్లు. తండ్రి విడిచిన గ్రంథాలయమే ఆ బాలునికి గురుస్థానంలో నిలిచింది. బొమ్మలతో కూడిన ఒక రోమను చరిత్ర గ్రంథాన్ని పట్టుకొని, బొమ్మల ఆధారంతో పదాలకు అర్థాలు ఊహించుకొంటూ లాటిన్ భాషను చాలవరకు స్వయంగా నేర్చుకొన్నాడు. గుర్తుకు, అది సూచించే అర్థానికి నడుమ గల సంబంధాన్ని వెదకడం ఆయన బుద్ధికి చిన్ననాటనే అలవడింది.

1661లో లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో ప్రవేశించి తత్త్వశాస్త్రాన్ని, ధర్మశాస్త్రాన్ని అభ్యసించాడు. 1666లో సంయోగకళను గూర్చి లాటిన్‌లో ఒక ప్రబంధం ప్రకటించాడు. భాషలోని పదాలన్నీ కొద్దిపాటి అక్షరాల కూర్పుతో ఏర్పడినట్లే, మానవుని భావాలన్నీ కొద్దిపాటి మూలభావాల కూర్పుతో ఏర్పడుతాయని, ఆ మూలభావాలకు తగిన గుర్తులు నియమిస్తే ఆలోచనను గణనగా మార్చవచ్చునని అందులోని ప్రధానాశయం. ఈ ఆశయం ఆయనను జీవితాంతం విడువలేదు. లైప్‌జిగ్‌లో డాక్టరు పట్టం లభించకపోగా ఆల్ట్‌డార్ఫ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, 1667లో ధర్మశాస్త్రంలో ఆ పట్టం పొందాడు. అక్కడ ఆచార్యపదవి లభించే అవకాశం ఉన్నా కాదని, మైన్జ్ ప్రభువు కొలువులో చేరాడు.

పారిస్ నివాసం – కొలువు జీవితం

1672లో రాజకార్యంపై పారిస్ చేరిన లైబ్నిట్జ్ అక్కడ నాలుగేండ్లు గడిపాడు. హైగెన్స్ మహాశయుని సాంగత్యంలో ఉన్నత గణితం అభ్యసించాడు. కూడిక, తీసివేత, హెచ్చవేత, భాగహారం నాలుగింటినీ నిర్వహించే గణకయంత్రానికి రూపకల్పన చేసి, 1673లో లండన్‌లోని రాయల్ సొసైటీ వారికి దాని నమూనాను చూపించాడు. ఆ ఏడే ఆ సంస్థ ఆయనను సభ్యునిగా స్వీకరించింది. కలనగణితంలో నేటికీ మనం వాడుతున్న సమాకలన చిహ్నం 1675 అక్టోబరులో ఆయన కలం నుండి వెలువడింది. చక్కని గుర్తు దొరికితే ఆలోచన భారం సగం తగ్గుతుందన్న ఆయన విశ్వాసానికి ఆ చిహ్నమే నిదర్శనం.

పారిస్‌లో స్థిరమైన పదవి లభించలేదు. 1676 చివరలో హానోవర్ ప్రభువు కొలువులో మంత్రాంగసభ్యునిగా, గ్రంథపాలకునిగా చేరాడు. అప్పటి నుండి మరణం వరకు నలుబది సంవత్సరాలు ఆయనకు అదే ఆశ్రయం. గనులలో నీటిని తోడే యంత్రాల నిర్మాణం, న్యాయవ్యవహారాలు, రాయబారాలు, ప్రభువుల వంశచరిత్ర రచన మొదలైన పనుల నడుమ దొరికిన తీరికలో ఆయన శాస్త్రవిచారం సాగించవలసి వచ్చింది.

1679: రెండు ప్రయత్నాలు

మన ప్రస్తుతాంశానికి 1679 వసంతకాలం కీలకమైనది. ఆ ఏడు మార్చి నెలలో లైబ్నిట్జ్ ద్విసంఖ్యామానాన్ని గూర్చి లాటిన్‌లో ఒక రచన చేశాడు. ఒకటి, సున్న అనే అంకెలతోనే సంఖ్యలను వ్రాసే విధానం అందులో వివరింపబడింది. ఈ పద్ధతిలో రెండును 10 అని, ఐదును 101 అని, ఆరును 110 అని వ్రాస్తారు. గోళీలు రంధ్రాల గుండా జారుతూ లెక్క చేసే ఒక యంత్రాన్ని కూడా అందులో ఊహించాడు. అంతకు పూర్వం ఇంగ్లండులో థామస్ హారియట్ ఇటువంటి లెక్కలు వ్రాసుకొన్నప్పటికీ అవి ముద్రణకు నోచుకోలేదు. ఇక్కడ గమనించవలసింది కాలం. చైనా షడ్రేఖల పటం లైబ్నిట్జ్ చేతికి రావడానికి ఈ రచన ఇరువది నాలుగేండ్ల ముందుది.

అదే ఏడు ఏప్రిల్‌లో ఆయన మరొక ప్రయత్నం చేశాడు. మూలభావాలకు సంఖ్యలు నియమించి, సంయుక్తభావాన్ని వాటి లబ్ధంగా చూపడం దాని ఉద్దేశం. ప్రాణికి రెండు, వివేకానికి మూడు నియమిస్తే, వివేకవంతమైన ప్రాణియైన మనుష్యునికి ఆరు అవుతుంది. ఆరును భాగిస్తే రెండు, మూడు బయటపడినట్లు, మనుష్యత్వాన్ని విశ్లేషిస్తే ప్రాణిత్వం, వివేకం బయటపడుతాయి. ఈ ఊహలో సంఖ్య కేవలం గుర్తు కాదు. సూచించే వస్తువు స్వరూపం ఆ సంఖ్య గర్భంలోనే ఉంది. సంఖ్యలో అర్థం నిక్షిప్తమై ఉండాలన్న ఈ ఆకాంక్షను గుర్తుంచుకొంటే, తరువాత చైనా చిహ్నాలను చూసినప్పుడు ఆయన పొందిన ఆనందం సుబోధకమవుతుంది.

చైనా వైపు చూపు

1689లో వంశచరిత్ర సామగ్రి కోసం ఇటలీలో పర్యటిస్తూ, రోమ్‌లో గ్రిమాల్డి అనే క్రైస్తవ యతిని లైబ్నిట్జ్ కలుసుకొన్నాడు. జెస్యూట్ సంఘానికి చెందిన ఈ యతి చైనాలో పనిచేసినవాడు. ఆ సమావేశం నుండి చైనా దేశంపై లైబ్నిట్జ్‌కు గల ఆసక్తి దృఢమైంది. 1697లో చైనా విశేషాలతో ఒక లాటిన్ గ్రంథం ప్రకటించాడు. గణితంలో, తర్కంలో ఐరోపా ముందున్నా, లోకవ్యవహారానికి సంబంధించిన నీతిలో చైనీయులే ముందున్నారని, ఇరుదేశాలు పరస్పరం నేర్చుకోవలసింది ఉందని ఆయన పీఠికలో ప్రతిపాదించాడు. ఆ కాలపు ఐరోపాలో ఇది అరుదైన దృష్టి.

అదే ఏడు జనవరిలో బ్రున్స్‌విక్ ప్రభువైన రుడాల్ఫ్ ఆగస్టుకు వ్రాసిన లేఖలో ద్విసంఖ్యామానానికి ఒక వేదాంతార్థం చెప్పాడు. ఒకటి పరమేశ్వరునికి, సున్న శూన్యానికి ప్రతీకలు. శూన్యం నుండి ఈశ్వరుడు సృష్టి చేసినట్లే సున్న, ఒకటి నుండి సంఖ్యలన్నీ పుడుతున్నాయి. ఈ భావాన్ని ఒక పతకంపై ముద్రించవలసిందిగా సూచించాడు. కావున చైనా చిహ్నాలు కంటబడే నాటికి, వాటిలో ఏమి చూడాలన్న సంస్కారం ఆయన మనస్సులో ముందే సిద్ధమై ఉంది.

బువే లేఖ

జోయకిమ్ బువే ఫ్రాన్సు రాజు 14వ లూయీ పంపిన జెస్యూట్ యతులలో ఒకడు. 1688లో బీజింగ్ చేరి, కాంగ్షీ చక్రవర్తికి గణితం బోధించాడు. 1697లో ఐరోపాకు వచ్చినప్పుడు లైబ్నిట్జ్‌తో ఆయనకు ఉత్తరప్రత్యుత్తరాలు మొదలయ్యాయి. 1701 ఫిబ్రవరిలో లైబ్నిట్జ్ తన ద్విసంఖ్యామానాన్ని వివరిస్తూ బీజింగ్‌కు లేఖ వ్రాశాడు. అది చదివిన బువేకు తాను పరిశీలిస్తున్న షడ్రేఖలు స్ఫురించాయి. 1701 నవంబరు 4న సమాధానం వ్రాసి, దానితో ఒక పటాన్ని జతపరచాడు. అరువది నాలుగు షడ్రేఖలు వలయాకారంలో ఒకసారి, ఆ వలయం లోపల ఎనిమిదేసి వరుసల చతురస్రంలో మరొకసారి అందులో కూర్పబడినవి. దానిని ఫూ షీ క్రమం అంటారు. ఫూ షీ చైనీయుల పురాణగాథలలోని ఆదిరాజు.

ఆ లేఖ సముద్రాలు దాటి 1703 ఏప్రిల్‌లో గాని లైబ్నిట్జ్‌కు అందలేదు. ఖండరేఖను సున్నగా, అఖండరేఖను ఒకటిగా తీసుకొని, క్రింది గీతను పెద్ద స్థానంగా భావించి చదవగా, ఆ పటం ఆరు గీతలూ ఖండమైన భూమిచిహ్నం వద్ద సున్నతో మొదలై, ఆరు గీతలూ అఖండమైన ఆకాశచిహ్నం వద్ద అరువది మూడుతో ముగిసింది. నడుమ ఒక్క సంఖ్య కూడా తప్పలేదు. ఆయన ఆ పటంపైనే చిహ్నాల ప్రక్కన స్వహస్తంతో అంకెలు వేసుకొన్నాడు. ఆ పటం నేటికీ హానోవర్‌లో భద్రంగా ఉంది.

1701లో పారిస్ శాస్త్ర పరిషత్తుకు ద్విసంఖ్యామానంపై ఆయన పంపిన వ్యాసం, దాని ప్రయోజనం స్పష్టం కానందున ముద్రణ పొందలేదు. ఇప్పుడు ఆ ప్రయోజనం లభించిందని ఆయన భావించాడు. చైనా చిహ్నాల వివరణను జోడించి కొద్ది రోజులలోనే క్రొత్త వ్యాసం పంపాడు. 1703 సంపుటానికి చెందిన ఆ వ్యాసం 1705లో ముద్రితమైంది. వేలాది సంవత్సరాల క్రిందట ఫూ షీ ఎరిగిన గణితరహస్యాన్ని చైనీయులు కాలక్రమంలో మరచిపోగా, తాను తిరిగి వెలికితీశానని ఆయన దృఢంగా నమ్మాడు.

సాదృశ్యం – నిర్ణయం

ఈ నిర్ణయంలో రెండంశాలు కలగలిసి ఉన్నవి. వాటిని విడదీసి చూడడం అవసరం.

మొదటిది సాదృశ్యం. ఆ పటంలోని క్రమం సున్న నుండి అరువది మూడు వరకు గల ద్విసంఖ్యల క్రమంతో సరిపోతుంది. ఇది ఎవరైనా సరిచూసుకోదగిన గణితసత్యం. ఇందులో లైబ్నిట్జ్ పొరబడలేదు.

రెండవది చరిత్ర. ఆ క్రమం ఫూ షీ కాలానిది కాదు. సుంగ్ వంశ కాలపు తాత్త్వికుడు షావో యోంగ్ (1011–1077) పేరిట ప్రసిద్ధమై, 12వ శతాబ్దిలో జూ షీ (1130–1200) రచనల ద్వారా వ్యాప్తి పొందింది. యీ జింగ్ పరంపరాగత పాఠంలో షడ్రేఖల క్రమం వేరు. వెన్ రాజు పేరిట ప్రసిద్ధమైన ఆ క్రమంలో చిహ్నాలు జంటలుగా వస్తాయి. ఒక చిహ్నాన్ని తలక్రిందులు చేస్తే దాని జంట ఏర్పడుతుంది. తలక్రిందులు చేసినా మారని ఎనిమిది చిహ్నాలకు మాత్రం ప్రతి గీతనూ మార్చగా జంట వస్తుంది. 1973లో చైనాలోని మావాంగ్‌దుయి సమాధిలో లభించిన పట్టువస్త్రపు ప్రతి క్రీ.పూ. 168 నాటికి భూస్థాపితమైనది. అందులోని క్రమం ఈ రెండింటికీ భిన్నం. షావో యోంగ్ సైతం ఒకటి రెండుగా, రెండు నాలుగుగా ద్విగుణీకరణం చెందే విశ్వక్రమాన్ని చూపదలచాడే గాని, ఆ గీతలను సున్న, ఒకటి అనే అంకెలుగా వాడి గణనలు చేసిన జాడ కానరాదు.

కావున సాదృశ్యం యథార్థం, దాని నుండి చేసిన చారిత్రకానుమానం అయథార్థం. ధూమాన్ని చూసి అగ్నిని ఊహించడానికి వ్యాప్తి ఉండాలి. రెండు వ్యవస్థలలో రెండేసి మూలాంశాలు ఉండి, వాటి కూర్పులన్నింటినీ క్రమం తప్పక వ్రాయదలచినప్పుడు, ఆ క్రమాలు ఒకదానినొకటి పోలడం సహజం. ఒకరి నుండి ఒకరు గ్రహించారనడానికి ఆ పోలిక ఒక్కటే హేతువు కాజాలదు.

అంతిమ దశ

బువే నుండి తరువాత లేఖలు రాలేదు. లైబ్నిట్జ్ మాత్రం ప్రత్యుత్తరం లేకపోయినా కొంతకాలం వ్రాస్తూనే ఉన్నాడు. 1700లో బెర్లిన్ శాస్త్ర పరిషత్తుకు ఆయన ప్రథమాధ్యక్షుడయ్యాడు. 1712లో రాయల్ సొసైటీ కలనగణిత వివాదంలో న్యూటన్ పక్షాన నివేదిక వెలువరించింది. 1714లో హానోవర్ ప్రభువు మొదటి జార్జిగా ఇంగ్లండు సింహాసనం ఎక్కి లండన్ తరలిపోగా, లైబ్నిట్జ్ హానోవర్‌లోనే ఉండి వంశచరిత్ర పూర్తి చేయవలసి వచ్చింది. ఆ చరిత్ర 1005వ సంవత్సరం వరకే సాగింది.

చైనీయులు నిరీశ్వరవాదులని, వారి పితృపూజాదులు క్రైస్తవానికి విరుద్ధమని రోమ్ పీఠం నిషేధాలు విధిస్తున్న కాలంలో, వారి ప్రాచీన తత్త్వంలో ఆస్తిక భావన ఉన్నదని వాదిస్తూ ఆయన 1716లో ఒక దీర్ఘవ్యాసం ప్రారంభించాడు. అందులోని చివరి భాగం షడ్రేఖలను, ద్విసంఖ్యామానాన్ని గూర్చినది. అది పూర్తికాకుండానే 1716 నవంబరు 14న హానోవర్‌లో కన్నుమూశాడు. అంత్యక్రియలకు రాజాస్థానం నుండి ఎవరూ రాలేదు. తాను స్థాపించిన బెర్లిన్ పరిషత్తు గాని, లండన్ సొసైటీ గాని నివాళి ప్రకటించలేదు. మరుసటి ఏడు పారిస్ పరిషత్తు పక్షాన ఫాంటెనెల్ సంస్మరణ ప్రసంగం చేశాడు. ఆయన విడిచిన కాగితాలు దాదాపు రెండు లక్షల పుటలు. ఆ లేఖా సంపదను 2007లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది.

నేటి సంకేతపట్టికలో చైనా చిహ్నాలు

లైబ్నిట్జ్ కోరిక మరొక విధంగా నెరవేరింది. నేడు కంప్యూటర్‌లో వ్రాసే ప్రతి అక్షరమూ, ప్రతి చిహ్నమూ ఒక సంఖ్యయే. ఆ సంఖ్య సున్న, ఒకటి రూపంలోనే యంత్రంలో నిలుస్తుంది. ఏ అక్షరానికి ఏ సంఖ్య అని ప్రపంచ భాషలన్నింటికీ నిర్ణయించే పట్టిక యూనికోడ్. యిన్, యాంగ్‌లు ఒకదానినొకటి పెనవేసుకొన్నట్లుండే సుప్రసిద్ధ వృత్తచిహ్నానికి అందులో 9775వ సంఖ్య లభించింది. ద్విసంఖ్యామానంలో అది 10011000101111. బహుళ వాడుకలో ఉన్న యూటీఎఫ్–8 పద్ధతిలో భద్రపరచినప్పుడు అది 226, 152, 175 అనే మూడు ఖండాలుగా విడిపోతుంది.

ఈ సంఖ్యలో ఆ చిహ్నపు అర్థం ఏమైనా ఉన్నదా? 9775ను భాగిస్తే 5, 5, 17, 23 అనే కారణాంకాలు వస్తాయి. వాటికీ యిన్, యాంగ్‌లకూ ఎట్టి సంబంధమూ లేదు. 1679లో లైబ్నిట్జ్ కోరినది సంఖ్య గర్భంలో అర్థం. ఇక్కడ ఉన్నది కేవలం సంకేతం. మన నైయాయికులు చెప్పినట్లు, ఈ పదానికి ఈ అర్థమన్న ఏర్పాటు వంటిదే ఇది. పైగా ఆ సంఖ్య చిహ్నపు ఆకృతిని కూడా చెప్పదు. వృత్తంలో నల్లని భాగం ఏ ప్రక్కకు ఉండాలో, గీత ఎంత మందముండాలో నిర్ణయించేది అక్షరరూపాన్ని చెక్కే ఫాంటు. సంఖ్య జాతిని సూచిస్తుంది, ఫాంటు వ్యక్తిని చూపుతుంది.

అయితే విడి సంఖ్యలలో లేని అర్థం, సంఖ్యల క్రమంలో కొన్నిచోట్ల మిగిలి ఉంది. ఎనిమిది త్రిరేఖలు 9776 నుండి 9783 వరకు వరుసగా ఉన్నవి. ఆ వరుస ఆకాశం, సరస్సు, అగ్ని, ఉరుము, వాయువు, జలం, పర్వతం, భూమి. ఇది లైబ్నిట్జ్ పటంలోని ఫూ షీ క్రమమే. 9776 సంఖ్య ఎనిమిదితో నిశ్శేషంగా భాగింపబడుతుంది. కావున ఈ సంఖ్యలను ఎనిమిదితో భాగించగా సున్న నుండి ఏడు వరకు శేషాలు వస్తాయి. ఆ శేషాన్ని మూడు ద్విసంఖ్యాస్థానాలలో వ్రాసి, సున్నకు అఖండరేఖను, ఒకటికి ఖండరేఖను క్రింది నుండి పైకి గీస్తే ఆ చిహ్నమే ఏర్పడుతుంది. ఉదాహరణకు అగ్నిచిహ్నం 9778. శేషం రెండు, అనగా 010. క్రింద అఖండం, నడుమ ఖండం, పైన అఖండం: అగ్ని త్రిరేఖ స్వరూపం అదే. లైబ్నిట్జ్ అంకెలకు ఇవి తారుమారు, అంతే భేదం.

షడ్రేఖల విషయం వేరు. అవి 2003లో వెలువడిన యూనికోడ్ 4.0 కూర్పులో 19904 నుండి 19967 వరకు గల అరువది నాలుగు స్థానాలలో చేరాయి. 19904 అరువది నాలుగుతో నిశ్శేషంగా భాగింపబడుతుంది. ద్విసంఖ్యాక్రమాన్ని నిలపడానికి ఇంతకన్న అనువైన చోటు ఉండదు. అయినప్పటికీ అక్కడ అనుసరింపబడినది ఫూ షీ క్రమం కాదు, యీ జింగ్ పాఠంలోని వెన్ రాజు క్రమం. మొదటి స్థానంలో ఆకాశం, దాని వెంటనే రెండవ స్థానంలో భూమి ఉన్నవి. అసమాప్తి అనే అర్థం గల అరువది నాలుగవ చిహ్నం చివరిది. దాని సంఖ్యకు శేషం అరువది మూడు. లైబ్నిట్జ్ లెక్కలో ఆ గీతలు ఇచ్చే విలువ ఇరువది ఒకటి మాత్రమే. ఈ విధంగా ఒకే పట్టికలో త్రిరేఖలు ఒక సంప్రదాయాన్ని, షడ్రేఖలు మరొక సంప్రదాయాన్ని పాటిస్తున్నవి. గ్రంథపాఠాన్ని అనుసరించేవారికి గ్రంథక్రమమే ప్రమాణం గనుక షడ్రేఖల కూర్పు సమంజసమే.

మన లిపుల విషయంలోనూ ఇట్టి క్రమసంరక్షణ కనిపిస్తుంది. భారతీయ లిపుల కోసం మన దేశంలో రూపొందిన 1988 నాటి ప్రమాణం ఆధారంగా యూనికోడ్‌లో వీటి స్థానాలు ఏర్పడినవి. దేవనాగరి కకారం 2325, తెలుగు కకారం 3093. రెండింటి భేదం 768. ఖకారాదులకూ అదే భేదం. శిక్షాశాస్త్రం స్థానప్రయత్నాలను బట్టి ఏర్పరచిన వర్ణక్రమం ఆ విధంగా సంఖ్యలలోనూ నిలిచి ఉంది.

ప్రస్తారంతో పోలిక

పింగళుని ఛందశ్శాస్త్రం అష్టమాధ్యాయంలో ప్రస్తారం, నష్టం, ఉద్దిష్టం మొదలైన ప్రత్యయాలు చెప్పబడినవి. వరుస సంఖ్యను బట్టి గురులఘువుల కూర్పును కనుగొనడం నష్టం. కూర్పును బట్టి వరుస సంఖ్యను కనుగొనడం ఉద్దిష్టం. చిహ్నానికీ సంఖ్యకూ నడుమ కంప్యూటర్ చేసే రాకపోకలు స్వభావంలో ఈ రెండింటి వంటివే. మూడక్షరాల ప్రస్తారంలో ఆరవ వరుస కావాలంటే, ఆరు సరిసంఖ్య గనుక లఘువు వ్రాసి సగం చేయాలి. వచ్చిన మూడు బేసి గనుక గురువు వ్రాసి, ఒకటి కలిపి సగం చేయాలి. వచ్చిన రెండు సరిసంఖ్య గనుక లఘువు. లఘువు, గురువు, లఘువు: జగణం సిద్ధించింది.

ఇప్పుడు అఖండరేఖను గురువుగా, ఖండరేఖను లఘువుగా భావించి, త్రిరేఖలను పై గీత నుండి క్రిందికి చదివితే, 9776 నుండి 9783 వరకు గల చిహ్నాలు వరుసగా మ, య, ర, స, త, జ, భ, న గణాలవుతాయి. అనగా పింగళుని ప్రస్తారక్రమంతో అవి అక్షరాలా సరిపోతున్నవి. ఆరవదైన జలచిహ్నం ఖండ, అఖండ, ఖండ రేఖలతో జగణమే. అంతేకాదు. మన లక్షణకర్తలు రగణానికి అధిదేవత అగ్ని అన్నారు. రగణానికి సరిపోయే త్రిరేఖ పేరు కూడా అగ్నియే. యగణానికి జలం అన్నారు. దానికి సరిపోయేది సరస్సు.

ఇక్కడనే నిలవడం మేలు. ఈ రెండు పోలికలను పట్టుకొని, చైనా చిహ్నాలు మన గణాల నుండి పుట్టినవని గాని, లైబ్నిట్జ్ పద్ధతికి పింగళుడే మూలమని గాని చెప్పబూనడం 1703లో లైబ్నిట్జ్ చేసిన అనుమానాన్నే తిరిగి చేయడం. మగణానికి మనవారు భూమిని చెప్పగా, అక్కడ దానికి సరిపోయేది ఆకాశం. నగణానికి స్వర్గం చెప్పగా, అక్కడ భూమి. ఆద్యంతాలలో పూర్తి వైపరీత్యం ఉండగా నడుమ రెండింటిని మాత్రమే గ్రహించడం శాస్త్రదృష్టి అనిపించుకోదు. మూడు వ్యవస్థలకూ సమానమైనది ద్వైవిధ్యం, క్రమబద్ధత. ఆ రెండూ ఉన్నచోట ఇట్టి సామ్యం తప్పక కలుగుతుంది. పింగళుని ప్రతిభ ఎవరికో మూలమైనందువలన గాక, తన ప్రయోజనానికి తానే ఒక సంపూర్ణ పద్ధతిని నిర్మించినందువలననే గొప్పది. లైబ్నిట్జ్ వాడిన సున్న, స్థానవిలువలు భారతదేశం నుండి అరబ్బుల ద్వారా ఐరోపా చేరినవన్నది సాక్ష్యాధారాలతో నిలిచిన విషయం. మన గౌరవానికి అట్టి నిరూపిత సత్యాలు చాలును.

ఉపసంహారం

లైబ్నిట్జ్ ఒక యథార్థమైన పోలికను చూశాడు, దాని నుండి ఒక అయథార్థమైన చరిత్రను ఊహించాడు. ఆ ఊహ తొలగిపోయినా పోలిక తొలగలేదు. ఆయన చేసిన దోషాన్ని చెప్పుకొనేటప్పుడు ఆయన సౌమనస్యాన్ని మరువరాదు. పరదేశపు గ్రంథంలో తనకన్న ముందే సత్యం తెలిసినవారు ఉండవచ్చునని అంగీకరించడానికి, తన ఆవిష్కరణ కీర్తిని వేరొకరికి సమర్పించడానికి ఆయన వెనుదీయలేదు. ఆ ఔదార్యం మనకు ఆదర్శం. ఆ తొందరపాటు మనకు హెచ్చరిక. ప్రాచీన శాస్త్రాలను ఆధునిక విజ్ఞానంతో పోల్చి చూసే పరిశోధకులు, పోలికను పోలికగా నిరూపించి, సంబంధాన్ని వేరుగా ఆధారాలతో సాధించినప్పుడే ఆ కృషి విద్వల్లోకంలో నిలుస్తుంది.